టికెట్టు కొని చూసే గది

ఎవరూ ముట్టుకోకూడని స్టవ్వు మీద చెయ్యి ఆనించగానే ఆ అమ్మాయికి చుర్రుమంది.

వేళ్ళు నోట్లో పెట్టుకుని వెనక్కి జరిగింది. సోమవారం, మ్యూజియానికి సెలవు. హాల్లో దీపాలు కూడా సగమే వెలుగుతున్నాయి. ఆ వత్తుల స్టవ్వు ఆఖరిసారి వెలిగి ఏళ్ళు గడిచాయని పక్కనున్న బోర్డు చెబుతోంది. ఆ బోర్డు రాసింది తనే.

నమ్మలేక మళ్ళీ ముట్టుకుంది. ఈసారి చేతి వెనకవైపుతో. సందేహం లేదు. ఎవరో కాసేపటి క్రితమే వెలిగించి ఆర్పేశారు. గాలిలో సన్నగా కిరసనాయిలు వాసన తగిలింది.

ఆమె చుట్టూ చూసింది. చూడటానికి పెద్దగా ఏముంది? ఒక్కటే గది. చెక్క మంచం, దాని కింద ట్రంకు పెట్టె, గూట్లో అద్దం, మూలన స్టవ్వు, దాని పక్కన నాలుగు గిన్నెలు, గోడలకి పచ్చరంగు. నూలుమిల్లు కార్మికులు తరాలపాటు బతికిన క్వార్టర్లలో మిగిలిన ఏకైక గది అది. మిల్లు మూతపడింది. క్వార్టర్లు కూల్చేశారు. కూల్చేముందు ఈ ఒక్క గదినీ గోడలతో, పైకప్పుతో, తలుపుతో, కిటికీతో సహా ముక్కలుగా కోసి తెచ్చి మ్యూజియం హాలు మధ్యలో మళ్ళీ అతికించారు. ముందువైపు గోడ స్థానంలో గాజు తలుపు పెట్టారు. జనం టికెట్టు కొనుక్కుని వచ్చి, గాజుకి ముక్కు ఆనించి, "అబ్బ, ఇంత చిన్న గదిలో ఎలా ఉండేవారో!" అని వెళ్ళిపోతారు.

ఆమె పబ్లిక్ హిస్టరీలో ఎం.ఏ. రెండో ఏడాది విద్యార్థిని. తోటివాళ్ళకి ఇంటర్న్‌షిప్ కింద పాత కాగితాలు స్కాన్ చేసే పని దొరికితే, ఆమెకి ఈ గది దొరికింది. దుమ్ము దులపాలి, బోర్డులు రాయాలి, మిల్లులో పనిచేసినవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేయాలి. గాజు తలుపు తాళంచెవి ఆమె మెడలోనే వేలాడుతూ ఉంటుంది. దానికి మారు తాళంచెవి డైరెక్టరమ్మ బీరువాలో ఉంది. మూడోది లేదు.

ఆమె వెళ్ళి తాళాన్ని పరిశీలించింది. తాళం చెక్కుచెదరలేదు. అంటే అనుమానం మొదట వచ్చి వాలేది తన నెత్తిమీదే.

భయం భయంగానే గదంతా వెతికింది. ఏదీ పోలేదు. కానీ రెండు తేడాలు కనిపించాయి. మంచం మీద బొంత తను మూడు మడతలు పెట్టింది. ఇప్పుడు నాలుగు మడతల్లో ఉంది. పైన చెయ్యి పెడితే కాస్త తడి. ఇంకోటి ఇత్తడి చెంబు. మ్యూజియంలో ప్రతి వస్తువుకీ అడుగున సన్నటి నంబరు రాసి, దానిమీద వార్నిష్ పూస్తారు. చెంబు తిరగేస్తే అడుగున నంబరు లేదు, వార్నిష్ లేదు. ఎవరో రోజూ తోమినట్టు అద్దంలా మెరుస్తోంది.

దొంగతనానికి వచ్చినవాడు చెంబు తోమి పెట్టి పోతాడా?

* * *

"దెయ్యమేనేమో తల్లీ," అన్నాడు గార్డు బాబాయ్, టీ గ్లాసు పక్కన పెడుతూ. "మిల్లులో పోయినవాళ్ళు పాపం టీ పెట్టుకుంటున్నారేమో. ఒక గ్లాసు ఎక్కువ పెట్టమని చెప్పు."

"బాబాయ్, నవ్వులాట కాదు. లోపలికి ఎవరొచ్చారు?"

"నా కళ్ళ ముందునుంచి ఎవరూ రాలేదు. కెమెరా చూసుకో. నువ్వు, గ్లవ్సు మాస్టారు, డైరెక్టరమ్మ. అంతే."

కెమెరా హాలు ముందుభాగాన్నే చూపిస్తుంది. గాజు తలుపు దగ్గరికి ఉదయం నుంచీ ఆమె తప్ప ఎవరూ రాలేదు. అది ఆమెకి మంచిది కాదు.

డైరెక్టరమ్మ అరవలేదు. అరిచే మనిషి కాదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. అది అరవడం కన్నా చెడ్డ సంకేతమని అక్కడ అందరికీ తెలుసు.

"ఇది మంటతో చెలగాటం. హాలంతా కర్ర సామాను, గుడ్డలు. నువ్వు ఆ గదిలో గంటలకి గంటలు కూర్చుంటావని విన్నాను. నిజమేనా?"

నిజమే. కాదని ఎలా అంటుంది? వాళ్ళ నాన్నది బదిలీల ఉద్యోగం. చిన్నప్పుడంతా సామాన్లు విప్పడం, అలవాటు పడేలోపు మళ్ళీ కట్టడం. ఒక ఇంట్లో నిద్రలేచి ఎడమచేతివైపు తలుపు కోసం వెతికితే, అది అంతకుముందటి ఇంట్లో ఉండేది. మా ఇల్లు అని వేలుపెట్టి చూపించడానికి ఆమెకి ఒక్క గోడ కూడా లేదు. ఈ పరాయివాళ్ళ గదిలో, దుమ్ము దులపడం అయిపోయాక కూడా, ఊరికే నేలమీద కూర్చునేది. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఉండేది. ఎవరికోసమో తెలిసేది కాదు.

"కూర్చుంటాను మేడమ్. కానీ స్టవ్వు నేను ముట్టుకోలేదు."

"శుక్రవారం దాకా చూస్తాను. ఎవరో తేలకపోతే నీ ఇంటర్న్‌షిప్ రద్దు చేసి యూనివర్సిటీకి తెలియజేయక తప్పదు. గదిని విప్పించి గోడౌన్‌కి పంపిస్తాను. ఒక గది కోసం భవనాన్ని పణంగా పెట్టలేను."

ఇంటర్న్‌షిప్ లేకపోతే డిగ్రీ లేదు. గోడౌన్‌కి వెళ్ళింది ఏదీ తిరిగి బయటికి రాదు.

అంతసేపూ క్యూరేటర్ ఒక మూలన నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, పొడుగాటి మనిషి. గుడ్డ తొడుగులు లేకుండా గుండుసూది కూడా ముట్టుకోడు కాబట్టి అందరూ గ్లవ్సు మాస్టారు అంటారు. ఆమెకి పని నేర్పింది ఆయనే. డైరెక్టరమ్మ వెళ్ళిపోయాక దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"చెయ్యి బాగా కాలిందా? నీళ్ళకింద పెట్టావా?"

"పెట్టాను మాస్టారూ."

"ఊఁ," అని ఆ వేళ్ళకేసి చూసి వెళ్ళిపోయాడు.

* * *

ముందునుంచి రాకపోతే వెనకనుంచి రావాలి. అంత చిన్న విషయం తట్టడానికి ఆమెకి మంగళవారం మధ్యాహ్నం అయింది.

గదికి వెనక ఒక కిటికీ ఉంది. ఊచల్లేని చెక్క రెక్కల కిటికీ. అది సామాన్లు మోసుకెళ్ళే నడవలోకి తెరుచుకుంటుంది. అక్కడ కెమెరా లేదు. కానీ గడియ లోపలే పడి ఉంది. ఆమె నడవలో నిలబడి తోసింది, లాగింది, గీరింది. కిటికీ కదల్లేదు. గార్డు బాబాయ్‌ని పిలిచింది. ఆయన భుజం ఆనించి నెట్టి, భుజం రుద్దుకున్నాడు.

"ఇది తెరవాలంటే ఆ ఇంట్లో పుట్టి ఉండాలి తల్లీ."

ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆమె మాత్రం అక్కడికక్కడే ఆగిపోయింది.

గదిని ఉన్నదున్నట్టు తెచ్చారు. చీలిన చెక్క చీలినట్టే, వంగిన మేకు వంగినట్టే. దేన్నీ బాగుచేయకూడదన్నది మాస్టారి ఆజ్ఞ. అంటే గడియలో లోపం ఉంటే దాన్ని కూడా జాగ్రత్తగా మోసుకొచ్చి ఇక్కడ పెట్టారన్నమాట. ఆ లోపం ఎవరికి తెలుస్తుంది? అందులో కాపురమున్నవాళ్ళకే.

గదిలో ఆఖరిదాకా ఉన్నది ఒకావిడ. మిల్లులో దారం చుట్టే పని చేసేదట. జ్ఞాపకాలు రికార్డు చేస్తామని మ్యూజియం కబురు పెడితే రానని చెప్పేసిందట. మిల్లులో పనిచేసిన ఇంకొకాయన చిరునామా చెబుతూ హెచ్చరించాడు కూడా.

"వెళ్తే వెళ్ళు గానీ, గుమ్మం బయటే ఉండి మాట్లాడు. ఆవిడ నోరు మహా పదును."

* * *

ఊరి చివర, బస్సు ఆఖరి స్టాపు. ఒకే అచ్చులో పోసినట్టున్న ఇరుకు భవనాలు. రెండో అంతస్తులో తలుపు జానెడు తెరుచుకుంది. నెరిసిన జుట్టు, పొడుగాటి మనిషి.

"మ్యూజియంవాళ్ళా? ఇంకేం మిగిలిందని వచ్చావు? గోడలు పట్టుకుపోయారు, మంచం పట్టుకుపోయారు. ఇక నేనే మిగిలాను. నన్ను కూడా గాజుపెట్టెలో నిలబెడతారా?"

"లేదమ్మా. నా చెయ్యి కాలింది."

"కాలితే డాక్టరు దగ్గరికి పో."

"మీ స్టవ్వు మీద కాలింది."

మూసుకుంటున్న తలుపు ఆగింది. ఆవిడ ఆ అమ్మాయి వేళ్ళకేసి చూసింది. తర్వాత గొలుసు తీసింది.

"నా స్టవ్వు వెలుగుతోందా?" గొంతు మారిపోయింది. "ఎడంవైపు వత్తి పైకి రాదు. దాన్ని బతిమాలుకోవాలి. ఎవరు వెలిగించారు?"

"అదే తెలీక వచ్చానమ్మా. శుక్రవారంలోగా తేలకపోతే నన్ను పంపించేస్తారు. మీ గదిని విప్పి గోడౌన్లో పడేస్తారు."

ఆవిడ కుర్చీ చూపించింది. తను మంచం అంచున కూర్చుంది. అమ్మాయి వచ్చిన పని చెప్పింది. వెనక కిటికీ గురించి అడిగింది.

"అదా! కిందనుంచి ఎత్తి పట్టుకుని ఎడమకి ఒక్క గుద్దు గుద్దితే గడియ దానంతటదే ఊడుతుంది, బయటినుంచి గట్టిగా మూస్తే మళ్ళీ పడిపోతుంది. నేను తాళంచెవి పట్టుకుని పనికి పోతే, వాడు బడినుంచి వచ్చి అట్లాగే దూకేవాడు."

"వాడంటే?"

ఆవిడ వినిపించుకోనట్టు చీర చెంగు సర్దుకుంది. అమ్మాయి ప్రశ్న మార్చింది.

"ఇత్తడి చెంబుతో ఏం చేసేవారమ్మా? అడుగు అద్దంలా ఉంది. పక్కన బొంత నాలుగు మడతలు పెట్టి ఉంది. తడిగా కూడా ఉంది."

ఆవిడ ఒక్కసారి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అవి నిండిపోయి ఉన్నాయి. కానీ మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"ఇస్త్రీ. మాకు ఇస్త్రీపెట్టె ఎక్కడిదమ్మాయ్? బొంత నాలుగు మడతలేసి, చొక్కా పరిచి, నీళ్ళు చిలకరించి, చెంబులో సలసల కాగే నీళ్ళు పోసి రుద్దేదాన్ని. వాడి బడి చొక్కా. తర్వాత కాలేజీ చొక్కా. తర్వాత ఉద్యోగానికి పోయే చొక్కా. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి నేనే పెంచాను. నా తమ్ముడు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"ఎక్కడేమిటి, మీ దగ్గరే! నా చేత్తో ముక్కు చీది పెంచాను. ఇప్పుడు దొరగారి చేతులకి తొడుగులు కావాలిట."

ఎదురుగా ఉన్న మొహంలో ఆ పొడుగాటి ముక్కు, ఆ ముడిపడ్డ కనుబొమలు ఇంతసేపూ ఎవరివో ఇప్పుడు తెలిసింది.

"మరి మీరొక్కసారైనా చూడటానికి రాలేదేమమ్మా?"

"నా గదికి నేను టికెట్టు కొనుక్కుని రావాలా?"

"మీకు టికెట్టు అక్కర్లేదు."

"అక్కర్లేదని చెప్పడానికి నువ్వెవరు? పైగా శుక్రవారం నిన్నే పంపించేస్తారంటివి." ఆవిడ లేచింది. మాటలు అయిపోయాయన్నమాట. గుమ్మం దాకా వచ్చి, తలుపు సగం వేసి, ఆ సందులోంచి అడిగింది. "గోడకి ఆ పచ్చరంగు అట్లాగే ఉందా?"

"ఉందమ్మా."

"కిటికీ పక్కన కాస్త పలచగా ఉంటుంది. డబ్బా అయిపోయింది. మళ్ళీ కొందామనుకున్నాం," అంది. తలుపు మూసుకుంది.

* * *

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్క సీట్లో కూర్చుని ఆలోచించింది. ఇప్పుడు నేరుగా డైరెక్టరమ్మ గదికి వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు. డిగ్రీ దక్కుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ చెప్పేది మరొకరి కథ. ఎవరి కథ వాళ్ళనోటే వినాలని ఆమెకి నేర్పిన మనిషిది.

గురువారం ఉదయం మాస్టారు వస్తువులు శుభ్రం చేసే గదిలో ఒంటరిగా ఉన్నాడు. మిల్లులో దారం చుట్టే కండె ఒకటి చేతిలో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నాడు. ఆమె ఎదురు స్టూలు లాక్కుని కూర్చుంది. రికార్డరు బల్లమీద పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

"ఇంకొక్క ఇంటర్వ్యూ మిగిలిపోయింది మాస్టారూ."

ఎర్ర దీపం వెలిగింది. ఎప్పటిలాగే తేదీ, చోటు చెప్పింది. మొదటి ప్రశ్న ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"మీరు పెరిగిన ఇంటి గురించి చెప్పండి."

ఆ తర్వాత నోరు మూసుకుంది. ప్రశ్న అడిగాక మాట్లాడకూడదు. ఎంతసేపైనా సరే, ఎదుటి మనిషి నోరు విప్పేదాకా కళ్ళు దించకుండా కూర్చోవాలి. ఆ పద్ధతి నేర్పినవాడికి దాన్నుంచి తప్పించుకునే దారి లేదని ఇద్దరికీ తెలుసు.

బ్రష్ ఆగింది. ఆయన కండెని మెత్తటి గుడ్డమీద పడుకోబెట్టాడు. ఒక్కొక్క వేలే లాగుతూ తొడుగులు తీశాడు. ఆ చేతుల్ని ఆమె విడిగా చూడటం అదే మొదటిసారి. చూపుడు వేలిమీద కొత్తగా కాలిన బొబ్బ.

"అక్క దగ్గరికి వెళ్ళావా?" అన్నాడు.

ఆమె తలూపింది.

"ఎలా ఉంది? వద్దులే, చెప్పకు. రికార్డవుతోందిగా. నేనే చెప్పాలి.

"నేను పెరిగింది ఆ గదిలోనే. మీరంతా గాజులోంచి చూసే గదిలో. ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు... మొదట్లో సిగ్గే. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. ఎందుకంటావా? క్వార్టర్లు ఉంచాలా, కూల్చాలా అని నిపుణుణ్ణి అడిగారు. ఆ నిపుణుణ్ణి నేనే. గోడలు పాడైపోయాయి, నిలబెట్టడం కష్టం, ఒక్క గదిని భద్రపరిస్తే చాలు, చరిత్ర మిగులుతుంది అని చెప్పాను. ఆ ఒక్క గదీ అక్కది అయితే ఎంత సంతోషిస్తుందో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానమ్మా! వెళ్ళి గొప్పగా చెప్పాను. అక్కా, నీ గది మ్యూజియానికి వెళ్తోంది, వేలమంది చూస్తారు అని. అప్పుడు స్టవ్వు దగ్గర కూర్చుని ఉంది. మరి నేనెక్కడ ఉండాలిరా అంది. అంతే. గది గురించి అన్నీ ఆలోచించాను. మేకులతో సహా. అది మాత్రం ఆలోచించలేదు.

"ఆ రోజునుంచీ నాతో మాట్లాడదు. తలుపు తీయదు. ఫోను ఎత్తదు.

"చిన్నప్పుడు నేను ఎక్కడికి బయల్దేరినా అక్క ముందు నా కాలరు చూసేది. తర్వాతే మొహం. కాలరు బాగుంటే వెళ్ళిరా అనేది. అందుకని... నవ్వకు. నా మొహం చూడకపోయినా కాలరు చూస్తుందేమో అనిపించింది. ఇంట్లో కరెంటు ఇస్త్రీపెట్టె ఉంది. దాంతో చేస్తే కత్తిలా ఉంటుంది. అక్క చేసినట్టు ఉండదు. చెంబుతో చేస్తే చొక్కా చేతులమీద చిన్న చిన్న ముడతలు మిగిలిపోతాయి, చూశావా, ఆ ముడతలు కావాలి. ఇంటిదగ్గర వేరే చెంబుతో ప్రయత్నించాను. రాలేదు. అప్పుడు ఒక సోమవారం కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఇంత వయసొచ్చాక దూకగలనా అనుకున్నాను. చెయ్యి దానంతటదే ఎత్తింది, దానంతటదే గుద్దింది.

"లోపల కూర్చుని నీళ్ళు పెట్టాను. ఎడంవైపు వత్తి పైకి రాలేదు. దాన్ని తిట్టుకుంటూ, బతిమాలుకుంటూ... మళ్ళీ బడికి ఆలస్యమవుతున్నట్టు ఉంది. వెనకనుంచి అక్క తిడుతుందేమో అని చెవులు రిక్కించి కూర్చున్నాను. అక్కడినుంచి ప్రతి సోమవారం వెళ్తూనే ఉన్నాను. తప్పని తెలుసు. నిప్పుతో ఆటని తెలుసు. మీ అందరికీ వస్తువు మీద ఊపిరి కూడా తగలకూడదని పాఠాలు చెప్పి, నేనే నంబరు చెరిపేశాను. నీ చెయ్యి కాలిన రోజు ఇక మానేద్దామనుకున్నాను. నీమీదికి వస్తుందని తెలిసి కూడా మూలన నిలబడ్డాను. దానికి నా దగ్గర సంజాయిషీ లేదు. ఇప్పుడే మేడమ్ దగ్గరికి వెళ్తాను. ఈ టేపు కూడా ఇస్తాను. గదిని విప్పొద్దని, కావాలంటే నన్నే పంపించెయ్యమని అడుగుతాను.

"ఇస్త్రీ అయ్యాక ఏం చేసేవాణ్ణో అడగవేం? ఆ చొక్కా వేసుకుని అక్క ఇంటికి బయల్దేరేవాణ్ణి. బస్సులో కూర్చుంటే వీపున నలిగిపోయేది. భవనం కింద నిలబడి చూసుకునేవాణ్ణి. ఇలా నలిగిన చొక్కాతో ఏం వెళ్తాం అని వెనక్కి వచ్చేసేవాణ్ణి. ప్రతిసారీ అదే సాకు. మొన్న సోమవారం సాయంత్రం ఆ సాకు లేకుండా చేద్దామని దారంతా నిలబడే వెళ్ళాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి. కండక్టరు పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. మెట్లెక్కాను. చొక్కా నలగలేదు. తలుపు ముందు నిలబడ్డాను. లోపల అక్క తనలో తను ఏదో గొణుక్కుంటూ గిన్నెలు సర్దుకుంటోంది. ఆ గొణుగుడు ఏమీ మారలేదు. విన్నాను. చాలాసేపు విన్నాను. తట్టడానికి చెయ్యి ఎత్తాను కూడా.

"తట్టలేదమ్మా. రాసుకో. స్టవ్వు వెలిగించింది నేనే."